సిద్దిపేట అనసూయ

ప్రియమైన బిడ్డా ఇందూ,
కొత్తవాడ నుంచి బాపు ఆశీస్సులు. ఫోన్‌లో నాకు మాట సరిగ్గా వినబడటం లేదు, అందుకే ఉత్తరం. మోకాలి ఆపరేషన్ తర్వాత పవర్‌లూమ్ పని మానేసి ఇంట్లో కూర్చున్నాను గదా, ఫోన్‌లో మీ కంపెనీ క్యారమ్స్ ఆటే కాలక్షేపం. సిద్దిపేట అనసూయ గారని ఒకావిడ రోజూ నాతో ఆడేది. కొద్దిలో ఓడిపోయి, "మీ గురి బాగుందండీ" అని మెసేజ్ పంపేది. మీ అమ్మ ఉడుక్కునేది కూడా. మొన్న ‘మొదటి నెల ఉచితం’ అని ఆఫర్ వస్తే, బిడ్డ కంపెనీయే గదా అని పెయిడ్ ఆటలో చేరాను. అప్పటి నుంచి ఆమె కనబడటం లేదు. పాణం బాగలేదేమో. జర ఆఫీసులో కనుక్కుని రాయి.
నీ బాపు, వెంకట్రాజం

ప్రియమైన బాపూ,
ఆటగాళ్ల వివరాలు మేం చెప్పకూడదు. ఆమె క్షేమంగానే ఉండి ఉంటుంది, ఫికర్ చేయకు. మోకాలికి వ్యాయామం చేస్తున్నావా?
నీ ఇందు

బిడ్డా,
నీ జాబు చూసినా మనసు కుదుటపడలేదు. సోమవారం సిద్దిపేట బస్సెక్కుతాను. "ఆ మోకాలుతోని ఊరంత యాడ దేవులాడుతవయ్యా?" అని మీ అమ్మ అరుస్తోంది. మనిషికి ఏమైందో తెలియకపోతే ఎట్లా?
బాపు

బాపూ,
ప్రయాణం ఆపు. అనసూయ అనే మనిషి లేదు. అది కంప్యూటర్. ఉచితంగా ఆడేవాళ్లు విసుగొచ్చి వెళ్లిపోతే మాకు ప్రకటనల ఆదాయం పోతుంది. రేపు పెయిడ్ ఆట అమ్మాల్సింది కూడా వాళ్లకే. అందుకే కొద్దిలో ఓడిపోయే తోడును ఇస్తాం, ఆఫర్ల మీద ఆఫర్లు పంపుతాం. పెయిడ్‌లో చేరాక ఆ మర్యాదలన్నీ ఆగిపోతాయి. నెలనెలా డబ్బు పోతోందని గుర్తొస్తే మానేస్తారని, ఒక్క మెసేజ్ కూడా పంపం. ఆ ఆఫర్లు రాసేది మా టీమే. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేకపోయాను.
నీ ఇందు

ప్రియమైన బిడ్డా,
నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం ముట్టలేదు. సిగ్గేసింది. సాయంత్రం పక్కింటి సారయ్య గుమ్మంలో నిలబడి పలకరిస్తే ఉండబట్టలేక చెప్పేశాను. ఒకే షెడ్డులో పనిచేసినవాళ్లం, ఈ మధ్య మాటలే తగ్గిపోయాయి. నవ్వుతాడనుకున్నాను. ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.
"నాతోని గూడ ఆమెనే ఆడతాంది గదనే అన్నా! సిద్దిపేట అనసూయనే!"
గోడకు అటు అతను, ఇటు నేను.
మర్నాడు అతని అటక మీది క్యారమ్ బోర్డు దించి తుడిచాం. సారయ్య తొండి చేస్తాడు. నేను ఊరుకోను. ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. మీ అమ్మ చాయ్‌లు పెట్టలేక విసుక్కుంటోంది.
పెయిడ్ ఆట తీసేశాను. నీ మీద కోపం లేదు. ఒక్కటే అడుగుతాను. మేమిద్దరం ఇట్లా ఆడుకుంటే మీ కంపెనీకి పైసా రాదు. అట్లాంటప్పుడు, పక్కింట్లో ఒక మనిషి ఒంటరిగా కూర్చున్నాడని మీ ఆట మాకు ఎన్నడైనా చెబుతుందా? నిదానంగా ఆలోచించి రాయి.
నీ బాపు