వారం నంబర్ ఇరవై ఒకటి

ఆగస్టు 17, ఆదివారం

ఈ రోజు మా ఆయన బైకు మీద నిద్రపోయాడు. బైకు మీద! రొయ్యల గుంటల దగ్గర నుంచి ఇంటికి వస్తూ, చిన్నపిల్లలు కూడా కళ్ళు మూసుకుని నడిచే ఆ కట్ట దారిలో. బండీ మనిషీ కలిసి పిల్లకాలవలో పడ్డారు. మోకాలి లోతు నీళ్ళు కాబట్టి సరిపోయింది. గుంటల దగ్గర కాపలా ఉండే పోలేరయ్య పైకి లాగి తీసుకొచ్చాడు. మోచెయ్యంతా దోక్కుపోయింది. మందు రాస్తుంటే అమ్మా అని కూడా అనలేదు. చూస్తే, అప్పటికే మళ్ళీ నిద్రపోయాడు.

పావుగంట పడుకున్నాడో లేదో ఫోన్. కరెంటు పోయిందట. లేచి వెళ్ళిపోయాడు.

మాకు మూడు రొయ్యల గుంటలు. అవి తవ్వినప్పటి నుంచీ ఈ మనిషి గట్టు మీద రేకుల షెడ్డులోనే పడుకుంటాడు. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు గరగరా తిరుగుతుంటేనే ఆయనకి నిద్ర. ఒక్కటి ఆగినా ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాడు. ఏడేళ్ళుగా ఇదే నిద్ర. ఈసారి కాలవ. వచ్చేసారి లారీ కింద పడతాడేమోనని నా భయం. ఆ మాట అంటే నోరు మంచిది కాదంటారు మా అత్త.

ఆగస్టు 20, బుధవారం

అనూషకి బూట్లు కొన్న రోజు నెల్లూరు మాల్‌లో ఒక స్లిప్పు నింపి డబ్బాలో వేశాను. మర్చేపోయాను. ఈ రోజు ఏంజెలిన్ అనే అమ్మాయి ఫోన్ చేసింది. నేను గెలిచానట. చెన్నై అవతల, సముద్రం పక్కన థీమ్ పార్కులో రెండు రాత్రులు ఉండటానికి గిఫ్ట్ వోచర్. ఊరికే ఇవ్వరు. నెల్లూరులో ఒక హోటల్‌కి వచ్చి ఒక గంట వాళ్ళు చెప్పేది వినాలి. నేనొక్కదాన్నే వస్తానన్నాను. కుదరదంది. కపుల్ మస్ట్ అట. మా ఇద్దరినీ పక్కపక్కన చూసి మా చుట్టాలకే చాలా కాలమైందమ్మా అందామనుకుని ఊరుకున్నాను.

అనూష తొమ్మిదో క్లాసు. స్లయిడ్లు అన్న మాట పక్క గదిలోంచి ఎలా వినిపించిందో ఏమో, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆగస్టు 23, శనివారం

అడుగుదామంటే మనిషి దొరికితేగా. అమావాస్య. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్యలు పైపొర విడుస్తాయి. కొత్త పొర గట్టిపడేదాకా మెత్తగా ఉండి, ఆక్సిజన్ ఎక్కువ లాగుతాయి. అప్పుడు మోటారు కాసేపు ఆగినా తెల్లారేసరికి అన్నీ తేలిపోతాయి. ఆ నాలుగైదు రోజులు ఆయన నాకు మొగుడు కాదు.

ఆగస్టు 31, ఆదివారం

పోరగా పోరగా ఈ రోజు కదిలాడు. అష్టమి. అటు అమావాస్యా కాదు, ఇటు పౌర్ణమీ కాదు. పోలేరయ్యకి జాగ్రత్తలన్నీ చెప్పి బయల్దేరి, ఊరు దాటకముందే ఫోన్ చేసి అవే మళ్ళీ చెప్పాడు.

ఒక గంట అన్నారు. పొద్దున కూర్చోబెట్టినవాళ్ళు అన్నం వేళ దాటినా వదల్లేదు. చెవులు పగిలే మ్యూజిక్. ఎవరో ఒకరు సంతకం పెట్టగానే అందరూ లేచి చప్పట్లు. నా తల పగిలిపోయింది.

ఏటా టూర్లకి ఎంత ఖర్చు పెడతారని ఏంజెలిన్ అడిగింది. ఏమీ లేదన్నాడు ఈయన. పోనీ సుమారుగా చెప్పమంది. సుమారుగా కూడా ఏమీ లేదన్నాడు. పాపం ఆ పిల్ల లెక్క అక్కడే ఆగిపోయింది. హోటళ్ళకి పోసే డబ్బుతో పోలిస్తే పాతికేళ్ళలో మాకెంత మిగులుతుందో ఆ పిల్ల చూపించాలి. మేం అసలు పోయనే పొయ్యం. మేనేజర్ కిషోర్ బాబుని పిలిచింది. ఆయన వచ్చి, మెమొరీస్‌కి వెల కట్టలేం సార్ అని మొదలుపెట్టి, మూడు లక్షల ఎనభై వేలు కట్టాడు.

టైమ్‌షేర్ అంటే ఇదీ. పార్కు లోపల ఒక రూము. ఏటా ఒక వారం అది మాది, పాతికేళ్ళ పాటు. మెయింటెనెన్స్ వేరే. అది ఏటా పెరుగుతుందన్న సంగతి నేను అడిగితే గానీ బయటికి రాలేదు.

అలలు పుట్టించే వేవ్ పూల్ వీడియో వేసినప్పుడు మా ఆయన మొదటిసారి ముందుకి వంగాడు. హమ్మయ్య అనుకున్నాను. మోటారు ఎన్ని హెచ్‌పీ అని అడిగాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేను పడిపోయింది మాత్రం రూము ఫోటో దగ్గర. తెల్లటి మంచం, మందపాటి కర్టెన్లు. మూస్తే పగలు కూడా చీకటే మేడమ్ అంది ఏంజెలిన్. ఆ మంచం మీద ఈయన చేతులు చాపుకుని పడుకుని ఉన్నట్టు కనిపించింది. ఏడు రోజులు. ఎవరూ లేపకుండా. ఆ తర్వాత వాళ్ళు చెప్పింది నా చెవికి ఎక్కలేదు.

నా లెక్క నాది. ఊరికే రమ్మంటే ఈ జన్మకి రాడు. డబ్బు కట్టేస్తే వస్తాడు. కట్టిన డబ్బు వృథా పోతే ప్రాణం పోయినట్టు ఉంటుంది ఈయనకి. తేదీలు మారే ప్లాన్ ఇంకా ఖరీదు. మాకిచ్చేది ఫిక్స్‌డ్ వారం. ఏ వారం అని అడిగారు. ఫోన్‌లో పంచాంగం తీశాను. వచ్చే మేలో పదహారున అమావాస్య, నెలాఖరుకి పౌర్ణమి. మధ్యలో పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు. వాళ్ళ లెక్కలో వారం నంబర్ ఇరవై ఒకటి. పిల్లకి సెలవులు కూడా. ముహూర్తం చూస్తున్నారా మేడమ్ అంది ఏంజెలిన్. అలాంటిదే అన్నాను.

నేను పాడుకున్న చీటీ డబ్బు అడ్వాన్స్ కట్టేశాను. ఈయన కాగితాలన్నీ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదువుతూ కూర్చున్నాడు. మాకూ చప్పట్లు కొట్టారు.

సెప్టెంబర్ 1, సోమవారం

సంతోషంగా ఉంది. రసీదు రెండుసార్లు తీసి చూసుకున్నాను.

సెప్టెంబర్ 4, గురువారం

బుద్ధి లేదు నాకు. బుద్ధి లేదు.

కూరగాయలు తరుగుతూ మా అత్తకి గొప్పగా చెప్పాను, మే పద్దెనిమిది నుంచి ఏటా మాదేనని, తిథులు చూసి మరీ తీసుకున్నానని. ఆవిడ పేరు వెంకటశేషమ్మ. ఎప్పుడూ గొంతు పెంచరు. వంకాయ కొయ్యడం ఆపకుండానే అన్నారు.

"తిథులు ఒక తావున నిలబడతాయామ్మా? అందులోనూ వచ్చే ఏడు అధికమాసం ఉండాది."

కత్తిపీట వదిలేసి ఫోన్ తీశాను. వచ్చే సంవత్సరం బాగానే ఉంది. ఆ పై సంవత్సరం అదే వారంలో, సరిగ్గా మే ఇరవైన పౌర్ణమి. ఆ పై సంవత్సరం ఇరవై నాలుగున అమావాస్య. అక్కడితో ఫోన్ మంచం మీదికి విసిరేశాను.

నెలకి రెండుసార్లు అమావాస్యా పౌర్ణమీ ఎప్పుడో క్యాలెండర్‌లో చూసుకుని కూర వండే మనిషిని నేను. పౌర్ణమి ఏటా ఒకే తేదీకి రాదని నాకు తెలియదా? ఆ చప్పట్లలో, ఆ చల్లటి హాల్లో ఎలా మర్చిపోయాను? ఆయనకి ఎలా చెప్పను?

సెప్టెంబర్ 5, శుక్రవారం

కస్టమర్ కేర్. హిందీకి ఒకటి నొక్కాలి. ఇంగ్లీషుకి రెండు. తెలుగుకి ఏమీ లేదు.

సెప్టెంబర్ 6, శనివారం

క్యారియర్ తీసుకుని గుంటల దగ్గరికి నేనే వెళ్ళాను. రేపు పౌర్ణమి, పైగా గ్రహణం. గట్టు మీద తిరుగుతున్నాడు. అన్నం పెట్టి మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆయనకి ఆ రోజే తెలుసట! నేను వారం నంబర్ చెప్పిన నిమిషంలోనే తెలుసట. మరి నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావయ్యా అన్నాను. పది రోజుల్లోపు కాన్సిల్ చేసుకోవచ్చని ఆ కాగితాల్లో ఉందట. నువ్వు అంత నవ్వు మొహంతో ఉండి ఎన్నాళ్ళో అయింది, తొమ్మిది రోజులు ఉండనీలే అనుకున్నాను అన్నాడు.

దీనికి ఏమనాలి? ఏడవాలా, ఆ క్యారియర్ గిన్నె నెత్తిన వెయ్యాలా? నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను. నాకేం పార్కులు అక్కర్లేదన్నాను. నువ్వు ఏదో ఒక రోజు ఆ బైకు మీద చస్తావు, నేను ఈ గుంటలు పెట్టుకుని ఏం చేసుకోవాలన్నాను. లీజుకి ఇచ్చెయ్యమన్నాను. పోలేరయ్య జనరేటర్ వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోకుండా.

"పోవాలని నాకు మాత్రం లేదా భానూ? ఎవురు చూస్తారు?"

ఏడేళ్ళుగా ఇదే మాట. పోలేరయ్య ఒంటి చేత్తో అయ్యే పని కాదు. ఇంకొకరి మీద ఈయనకి నమ్మకం లేదు. గిన్నెలు కడుక్కుని వచ్చేశాను.

సెప్టెంబర్ 8, సోమవారం

నెల్లూరు ఆఫీసులో కిషోర్ బాబు దొరకలేదు. మీటింగ్ అట. నాకూ పనేం లేదు, కూర్చుంటానన్నాను. కూర్చున్నాను. సోఫా మీద నేను తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా విప్పేసరికి మీటింగ్ అయిపోయింది.

కాన్సిల్ అనగానే ముందు బతిమాలాడు. తర్వాత, మీ ఫ్యామిలీ హ్యాపీనెస్ మీకే అక్కర్లేకపోతే అన్నాడు. ఆ మాటకి నేను లేచి నిలబడ్డాను. అంతే. ప్రాసెసింగ్ ఫీజు కోసుకుని మిగతాది అకౌంట్లో వేస్తామని రాసిచ్చాడు. ఆ కోత నా చేతగానితనానికి కట్టిన ఫైను.

లిఫ్ట్ దగ్గరికి ఏంజెలిన్ పరిగెత్తుకుంటూ వచ్చింది. వోచర్ వదిలెయ్యొద్దంది. అది కొన్నందుకు కాదట, విన్నందుకట. కవరు నా చేతిలో పెట్టింది. రెండు రాత్రులు, పండగలు తప్ప ఏ సోమవారం నుంచి బుధవారం దాకా అయినా. ఇంత చెయ్యాల్సిన పని ఆ పిల్లకి లేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

నేను చూస్తానన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు. అక్టోబర్ పదమూడు సోమవారం, అటూ ఇటూ వారం దాకా అమావాస్యా లేదు, పౌర్ణమీ లేదు, నువ్వూ అనూషా వెళ్ళండి, రెండు రాత్రులు గుంటలు నేను చూస్తానన్నాను. నీకేం తెలుసన్నాడు. నేర్పించమన్నాను. ఏడేళ్ళుగా ఎవరు చూస్తారని అడుగుతావే తప్ప, నన్ను ఒక్కసారైనా అడిగావా అన్నాను. అనూష కళ్ళు ఇంతింత చేసుకుని నాన్న వైపు చూసింది. మా అత్త, మజ్జిగ పోస్తూ, ఇంట్లో సంగతి తాను చూసుకుంటానన్నారు.

సెప్టెంబర్ 21, ఆదివారం

అమావాస్య. ఆయనతో పాటు గట్టు మీదే ఉన్నాను. మేత ట్రే పైకి లాగి ఒక రొయ్యని నా అరచేతిలో పెట్టాడు. తడి కాగితం పట్టుకున్నట్టు ఉంది. నొక్కితే పోయేలా ఉంది. ఇన్నేళ్ళూ వీటిని తిట్టుకున్నానే గానీ ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఒళ్ళంతా ఉప్పు. జడ తాడులా అయింది.

అక్టోబర్ 2, గురువారం

పండగ పూట కూడా జనరేటర్ స్టార్ట్ చెయ్యడం నేర్చుకున్నాను. చెయ్యి వాచింది. గారెలు అత్తే వండారు.

అక్టోబర్ 9, గురువారం

మధ్యాహ్నం షెడ్డులో కునుకు తీస్తున్నాను. ఉలిక్కిపడి లేచాను. ఎందుకు లేచానో ముందు తెలియలేదు. బయటికి పరిగెత్తితే, రెండో గుంటలో ఒక ఏరియేటర్ ఆగి ఉంది. స్విచ్ దగ్గర ఈయన నిలబడి ఉన్నాడు. ఆయనే ఆపాడు, నాకు తెలుస్తుందో లేదోనని. నోటికొచ్చినట్టు తిట్టాను. మళ్ళీ స్విచ్ వేసి, సోమవారం బస్సు ఎన్నింటికి అని అడిగాడు.

అక్టోబర్ 13, సోమవారం, ఉదయం

వెళ్ళారు. బస్సు ఎక్కాక కిటికీలోంచి జాగ్రత్తలు మొదలుపెట్టాడు. బస్సు కదిలిపోయింది, బతికాను. స్కూలు ఎగ్గొట్టిన సంతోషంలో అనూష నాకు చెయ్యి ఊపడం కూడా మర్చిపోయింది. కొంచెం ఏడుపొచ్చింది. నాకూ ఆ స్లయిడ్లు ఎక్కాలని ఉంది మరి. ఎవరూ అడగలేదు.

అక్టోబర్ 13, మధ్యాహ్నం 3

అనూష ఫోన్. ఏడుపు గొంతు. రూము బాగుందట, మంచం బాగుందట. నాన్న పడుకోవడం లేదట. కర్టెన్లు మూసింది, లైట్లు తీసింది. పావుగంటకోసారి లేచి కూర్చుంటున్నాడట. ఏసీకి కూడా శబ్దమే లేదట. చివరికి లేచి వేవ్ పూల్ వెనక మోటారు చూడటానికి వెళ్తే సెక్యూరిటీ వాళ్ళు రూముకి పంపించేశారట.

నాకు పట్టలేని కోపం వచ్చింది. ఇంత చేసి, ఇంత తిరిగి, చెయ్యి వాచేలా నేర్చుకుని, చివరికి ఇదా? ఫోన్ ఆయనకి ఇమ్మన్నాను. నేను నోరు తెరిచేలోపే రెండో గుంట సంగతి అడిగాడు. అన్నీ తిరుగుతున్నాయన్నాను.

"యాడ ఉండావు?"

గట్టు మీదే అన్నాను.

"ఫోను అట్నే నీళ్ళ పక్కకి పెట్టు భానూ. కట్ చెయ్యబాక."

పెట్టాను.

సాయంత్రం

కట్ చెయ్యలేదు. ఫోన్ చెవికి ఆనించుకుంటే గురక వినిపిస్తోంది. చార్జింగ్ అయిపోవచ్చింది. షెడ్డులోంచి వైరు లాగమని పోలేరయ్యకి చెప్పాను, మెల్లగా.