పది నిమిషాలు నోరు మెదపకుండా

యాగోదా తల్లీ,

తొలి ట్రామ్ ఇవాళ నేనే నడపాలి, వెళ్తున్నాను. హలీనా అమ్మమ్మ పదింటికి వచ్చి నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్తుంది. అందాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకు, కోకో కూడా వద్దు. జాడీలో ఉప్పు దోసకాయల జోలికి అసలే పోకు. వదులు ప్యాంటు వేసుకో. మెడ దగ్గరా తొడ దగ్గరా చిన్న పరికరం ఆనించి, రక్తనాళాలు ఎంత బిరుసెక్కాయో చూస్తారట. నొప్పేమీ ఉండదు. పది నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి, అంతే.

పన్నెండేళ్ల పిల్లకి బీపీ ఏంటని, అది కనిపెట్టిన బడి నర్సు మీద కూడా అరిచాను.

నాన్న

తా.క. నువ్వు తలనొప్పి అన్నప్పుడల్లా, "లెక్కల పరీక్షుందా? నోర్మూసుకుని బడికి నడువు" అన్నాను. ఏడాదంతా అదే మాట. ఇవాళ ఆ పది నిమిషాలే నోరు మూసుకో తల్లీ. సాయంత్రం ఎంతసేపు చెప్పినా వింటాను.