సదస్సు నుంచి తెచ్చిన మందు

అక్కా,

కాలేయ జబ్బులకు వచ్చిన కొత్త మందుల గురించి మాలాంటి మామూలు డాక్టర్లకు నిన్న సదస్సు పెట్టారు. కాలేయంలో మచ్చలు ముదరకముందు వాడితే అవి తగ్గుతాయట. విరామంలో నాన్న రిపోర్టులు చూపించాను. "ఆయనకు ఆ దశ దాటిపోయిందమ్మా. కాలేయ మార్పిడికి గుండె తట్టుకోదు" అన్నారు పెద్ద డాక్టరు.

ఇంటికొస్తే అమ్మ గుమ్మంలోనే, "మందు తెచ్చావా?" అంది.

"మన డాక్టరమ్మ ఉత్త చేతులతో వస్తుందటే?" అన్నాడు నాన్న మంచం మీంచి.

రోజూ పోసే సిరప్పే పోసి ఇచ్చాను.

తాగి, "కొత్తదైనా రుచి పాతదేనే" అని నవ్వాడు.

జబ్బు మెదడుకు ఎక్కుతోంది. పొద్దున నన్ను నీ పేరుతో పిలిచాడు. నిన్ను గుర్తుపట్టగలిగి ఉండగానే రా. అమ్మకు నిజం నువ్వే చెప్పాలి. మా అమ్మాయి మందు తెచ్చిందని ఆవిడ అప్పుడే వీధంతా చెప్పేసింది.

నీ చెల్లి