మెత్త కింద ఇనాం

ఇంజనీరు దొరవారి సముఖానికి, జలపాతం బంగళా చౌకీదారు దండాలతో రాసుకునేది.

గడియారం పోగొట్టుకున్న తెల్లదొర రేపు తిరిగి వస్తున్నారట. ఆయన ఎదుటే నా విచారణ అన్నారు. అక్కడ నాకు నోరు పెగలదు కనుక ముందే రాస్తున్నాను.

ఆయన వెళ్లాక దిండు కింద చేతిగడియారం దొరికిన మాట నిజం. నేను తీసుకున్న మాటా నిజం. దొంగతనం మాత్రం కాదు. నాకు పని నేర్పిన పాత చౌకీదారు ఏలియా మొదటిరోజే చెప్పాడు: "పెద్దోళ్లు ఇనాం చేతికియ్యరు బిడ్డా, మెత్త కింద పెట్టి పోతరు. గది ఊడ్చెటోడే తీసుకోవాలె." తొమ్మిదేళ్లుగా అట్లాగే తీసుకున్నాను. ఒకరు చాకు పెట్టారు, ఒకరు దువ్వెన పెట్టారు. ఎవరూ తిరిగి అడగలేదు. ఈ దొరకు జ్వరమొస్తే రెండు రోజులు పక్కనే కూర్చున్నాను. అందుకే ఇంత పెద్ద ఇనాం అనుకున్నాను.

దొంగనైతే దాచేవాణ్ణి కదా. ఆదివారం నా భార్య రిబ్కమ్మ చేతికి కట్టి చర్చికి తీసుకుపోయాను. పాట నడుస్తుండగానే తమరు పంపిన జమేదారు వచ్చి, అందరి ముందు ఆమె చేతి నుంచి విప్పుకున్నాడు. "మా ఆయన దొంగ గాదు" అన్నది. ఎవరూ తలెత్తలేదు. ఆనాటి నుంచి ఆ చేతిని కొంగులోనే దాచుకుంటున్నది.

నౌకరీ తీసేస్తే తీసేయండి. ఆమె అడిగేది ఒక్కటే, ఆమె మాటల్లోనే రాస్తున్నాను:

"గా దొరను జర చర్చికి తోల్కరాండ్రి. అందరి ముంగట గా గడియారం నా చేతికి కట్టమనుండ్రి. కట్టి, గప్పుడే ఇప్పుకున్నా సరే."