మావయ్యగారి డిపాజిట్

ట్రైనింగ్ క్యాంపు నుంచి,
నవంబరు 30, ఆదివారం.

ప్రియమైన పెర్సిస్‌కి,

ప్రభువు మీకు తోడుగా ఉండాలని ప్రార్థిస్తూ రాస్తున్నాను. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వు, జాయ్సీ, అత్తయ్యగారు వేళకి ఇంత తిని, కాస్త నిద్రపోతున్నారని అనుకుంటున్నాను. ఉత్తరం రాసినప్పుడల్లా ఇక్కడే "మావయ్యగారికి నా వందనాలు చెప్పు" అని రాసేవాణ్ణి. ఇప్పుడూ అలవాటుగా రాయబోయి ఆగిపోయాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. వారానికి ఒక్క గంట చేతికొచ్చే ఫోన్‌లో జాయ్సీ కబుర్లకే సగం పోతుంది. మిగతా సగంలో నువ్వు ఏడుస్తావు, నేను వింటాను. అందుకే నువ్వడిగినవాటికి ఇందులో ఒక్కొక్కటిగా జవాబు రాస్తున్నాను. ఫోన్‌లో రెండు ఆదివారాలు ప్రయత్నించి చెప్పలేకపోయినది కూడా ఇందులోనే ఉంది. ఉత్తరం పూర్తిగా చదువు.

నా మోకాలు అడిగావు. వాపు తగ్గింది. పొద్దుటి పరుగులో అందరికంటే వెనక వస్తున్నాను గాని, ఆగిపోవడం లేదు. తిండికి లోటు లేదు. తాడేపల్లిగూడెం రైసు మిల్లులో గుమస్తాగా చేసే ఫణికిరణ్ గారని చెప్పానే, వాళ్ళావిడ పంపిన ఆవకాయ ఆయన నాకూ పెడుతున్నారు. ఏడాదికి రెండు నెలలు సైనికులం, మిగతా పది నెలలు గుమస్తాలం అని ఆయన నవ్వుతుంటారు.

జాయ్సీ ఫీజు రెండో విడత డిసెంబరు పదిలోపు కట్టాలి. స్కూటీ ఇన్సూరెన్సు కాగితం బీరువాలో నీలం సంచిలో ఉంది, గడువు దాటనివ్వకు. ఆకివీడు ఇంటి అద్దె గురించి ఓనరు గారు అడగలేదంటే అది ఆయన మంచితనం. నువ్వు పెదపాడులో పుట్టింట్లో ఉన్నా అద్దె పంపించెయ్. ఈ రెండు నెలలూ ఐస్ ఫ్యాక్టరీ జీతం రాదు, ఇక్కడి జీతం నెలాఖరుకి పడుతుంది. ఈ సంగతి బయల్దేరేముందే నీకు వివరంగా చెప్పి ఉండాల్సింది. ఏ డబ్బు ఎప్పుడొస్తుందో, ఏ వాయిదా ఏ ఖాతాలోంచి పోతుందో అన్నీ నా బుర్రలోనే పెట్టుకుని రైలెక్కాను. ఇల్లంతా నా చేతిమీద నడుస్తోందని మనసులో గొప్పగా కూడా ఉండేది.

ఇక డిపాజిట్. అత్తయ్యగారు సమాధికి రాయి వేయిద్దామంటున్నారని, అందులోంచి తియ్యొచ్చా అని అడిగావు. నన్ను అడగాల్సిన పని లేదు పెర్సిస్. ఈ కవరులో నేను సంతకం చేసిన కాగితాలు రెండున్నాయి. డిపాజిట్ రద్దుచేసి మొత్తం ఎనిమిది లక్షలూ వడ్డీతో సహా అత్తయ్యగారి ఖాతాలో వేయమని ఒకటి. నా ఖాతాలో నీ పేరు, నీ ఫోన్ నంబరు చేర్చమని రెండోది. మా ఆఫీసరు గారి సంతకం, ముద్ర కూడా వేయించాను. నేను స్వయంగా రావాల్సిందేనని మేనేజరు గారంటే, వచ్చిన రోజే వెళ్దాం.

ఆ డబ్బు నా దగ్గరికి ఎలా వచ్చిందో నీకు గుర్తుండే ఉంటుంది. చెరువుల పక్కన అరెకరం అమ్మిన వారం, మీ నాన్నగారు చెక్కు జేబులో పెట్టుకుని ఆకివీడు వచ్చారు. "అల్లుడుగారండీ, నాకు బ్యాంకులూ, ఆ మెషీన్లూ తెలీవు. మీరు లెక్కల మనిషి. మీ పేరు మీదే ఉండనివ్వండి" అన్నారు.

"పెర్సిస్ పేరు మీద వేద్దామండీ" అన్నాను మాటవరసకి.

"మా అమ్మాయి వేరూ, మీరు వేరూనా అండీ?" అన్నారు. నువ్విచ్చిన టీ కూడా సగమే తాగి, బస్సు పోతుందని లేచిపోయారు.

నేను క్యాంపుకి వచ్చే ముందు నువ్వు ఒకటికి రెండుసార్లు అడిగావు. "ఏవండీ, బ్యాంకులో నా నంబరు కూడా ఎక్కించి వెళ్ళండి, ఏ అవసరం వస్తుందో" అన్నావు. "పాస్‌వర్డు రాసిచ్చానుగా, రెండు నెలలకి ఏమైపోతుంది" అన్నాను. తీరిక లేక అన్నానని నువ్వు అనుకున్నావు. తీరిక ఉంది. బ్యాంకు మా ఫ్యాక్టరీకి నాలుగడుగుల దూరం. నీ నంబరు ఎక్కిస్తే మీ తమ్ముడు నాని అడిగినప్పుడు నువ్వు కాదనలేవని నా భయం. బయల్దేరడానికి రెండు రోజుల ముందు వాడు ఫ్యాక్టరీకి వచ్చి, చెరువు లీజుకి మూడు లక్షలు కావాలన్నాడు. "మీ నాన్నగారి డబ్బు నీ చేపలకి మేత వెయ్యను" అని పదిమందిలో అనేశాను. కారెక్కి వెళ్ళిపోయాడు. ఇది నీకు వాడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

నువ్వు ఆ మూడు రోజుల గురించి రాసిన పేజీలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. తొమ్మిదో తారీకు ఆదివారం గుడి నుంచి వస్తూ మావయ్యగారు అరుగు మీద కూలబడిపోవడం, ఏలూరు ఆసుపత్రిలో గుండెలో రెండు నాళాలు మూసుకుపోయాయని చెప్పడం, ఆపరేషన్‌కి సాయంత్రంలోగా విజయవాడ తీసుకెళ్ళమనడం, అక్కడ ముందుగా మూడు లక్షలు కట్టమనడం. నాని కారు కొన్నాక రేషన్ కార్డు పోయింది కాబట్టి ఉచిత వైద్యం దారి కూడా లేకపోయింది. నువ్వు పాస్‌వర్డు కొట్టి డిపాజిట్ రద్దుకి నాలుగుసార్లు ప్రయత్నించావు. నాలుగుసార్లూ ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది.

ఆదివారం కుదువ కొట్లు మూసి ఉన్నాయి. సోమవారం పొద్దున్నే నీ గొలుసు, గాజులు పెట్టి లక్ష తెచ్చావు. నాని ఆదివారమే కారు తీసుకుని ముదినేపల్లి, ఆకివీడు అన్నీ తిరిగి, సోమవారం మధ్యాహ్నానికి ఎవరికో సగం ధరకి అమ్మేసి మిగతాది పట్టుకొచ్చాడు. సాయంత్రానికి విజయవాడ చేర్చారు. మంగళవారం పది గంటలకి ఆపరేషన్ అన్నారు. ఎనిమిదిన్నరకి మావయ్యగారు వెళ్ళిపోయారు.

అదంతా రాసి చివర్లో నువ్వు ఇలా రాశావు: "మీరేం మనసులో పెట్టుకోకండి. ఆ ఆదివారం మీకు ఫోన్ ఇవ్వలేదు కాబోలు, మీరేం చేస్తారు. నాన్న కూడా మిమ్మల్ని ఏమీ అనుకోలేదు. డబ్బుకేం కంగారు లేదమ్మా, అల్లుడుగారి దగ్గర భద్రంగా ఉంది, ఆయన్ని ట్రైనింగులో కంగారు పెట్టకండి అనే అన్నారు."

పెర్సిస్, ఆ ఆదివారం నాకు ఫోన్ ఇచ్చారు.

అందరితో పాటే అయిదు గంటలకి ఇచ్చారు. ఆన్ చెయ్యగానే మెసేజీలన్నీ వరసగా పడ్డాయి. డిపాజిట్ రద్దుకి ఓటీపీలు, నాని నంబరు నుంచి ఏడు మిస్డ్ కాల్స్, నీవి మూడు. చివర్లో నీ మెసేజీ. "అర్జెంటు. డిపాజిట్ తియ్యాలి. ఓటీపీ చెప్పండి. డబ్బు నానికి పంపుతున్నాను." ఆ తొందరలో నువ్వు అంతకంటే ఏం రాస్తావు? అది వాడు ఆసుపత్రిలో కట్టడానికని నాకు తెలియదు. నేను లేనప్పుడు చూసి అక్కా తమ్ముడూ కలిసి పని కానిచ్చేస్తున్నారనుకున్నాను. లీజు గడువు నవంబరు పది అని వాడు చెప్పినది గుర్తొచ్చింది. నా ఊహ నిజమేనని తేల్చేసుకున్నాను.

ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది. చేస్తే నువ్వు బతిమాలతావు, నేను కాదనలేను, అందుకని చెయ్యలేదు. ఫోన్ ఆపేసి, గంట పూర్తికాకుండానే తిరిగి ఇచ్చేశాను. ఫణికిరణ్ గారు అప్పుడే వాళ్ళావిడతో మాట్లాడి వస్తున్నారు.

"ఏవండీ పాల్ గారూ, ఇంటికి మాట్లాడలేదా?" అన్నారు.

"మాట్లాడానండి. అందరూ బాగానే ఉన్నారు" అన్నాను.

ఆ సాయంత్రం వాలీబాల్ కూడా ఆడాను. మావయ్యగారి డబ్బు కాపాడానని లోపల తృప్తిపడ్డాను. నీకు ఇది కూడా చెప్పాలి, లేకపోతే నేను చెప్పినది సగమే అవుతుంది.

మంగళవారం మధ్యాహ్నం నువ్వు క్యాంపు ఆఫీసుకి ఫోన్ చేశాక సుబేదారు గారు నన్ను పిలిపించారు. కేరళ ఆయన, నెమ్మదిగా చెప్పారు. కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. మీ మావగారు ఆదివారం నుంచి ఆసుపత్రిలో ఉన్నారట, మీకు తెలియదా అని అడిగారు. తెలియదన్నాను. అప్పటికి నాకు అంతా అర్థమైంది.

ఇంకొకటి ఉంది. సెలవు దొరకలేదని నీకు చెప్పాను. అది అబద్ధం. ఆయనే అయిదు రోజులు సెలవు రాసి, రైలు టిక్కెట్టుకి వారంటు కూడా ఇప్పిస్తానన్నారు. నేనే వద్దన్నాను. ట్రైనింగ్ మధ్యలో ఆపితే మళ్ళీ మొదటినుంచి చెయ్యాలండీ అని సాకు చెప్పాను. ఆయన నావైపు అదోలా చూసి, సెలవు కాగితం పక్కన పెట్టేశారు. మావయ్యగారి శవపెట్టె పక్కన నిలబడి అత్తయ్యగారి మొహం చూడలేను పెర్సిస్. నాని వచ్చి నా చెయ్యి పట్టుకుని "బావగారూ" అని ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. అందుకని మీ నాన్నగారిని సమాధి చేసిన రోజు నేను ఇక్కడ మైదానంలో అందరితో పాటు అడుగులు కలుపుతూ నడిచాను. అల్లుడు లేకుండానే మట్టి వెయ్యాల్సి వచ్చిందని గుడిలో అందరూ అనుకున్నారని నువ్వు రాశావు. అనుకోవాల్సిందే.

డబ్బు విషయంలో నన్ను మించిన జాగ్రత్తపరుడు లేడని మీ ఇంట్లో అందరూ అనేవారు. నేనూ నమ్మాను. జాగ్రత్త పేరుతో ఆయన సొమ్ముకి ఆయన్నే దూరం చేశాను. డాక్టరు సాయంత్రంలోగా అన్నారు, సాయంత్రం అయిదింటికి ఓటీపీ వచ్చే ఫోన్ నా చేతిలో ఉంది. ఆ రోజే తీసుకెళ్ళినా దక్కేవారో లేదో ఎవరికి తెలుసని నాకు నేను చెప్పుకోబోయాను. ఆ మాట నువ్వో, డాక్టరో అనొచ్చు. నేను అనకూడదు.

ఇది తెలిశాక నాతో ఉండమని నేను అడగను. కోపం తెచ్చుకోవద్దనీ అడగను. అత్తయ్యగారికి మాత్రం నువ్వు చెప్పకు. ఆ భారం నీది కాదు, నేనే చెప్తాను. నానికి కూడా నేనే చెప్తాను. వాడి కారు ఎవరు కొన్నారో తెలిస్తే రాయి. ఫ్యాక్టరీలో నా పీఎఫ్ తీసి ఆ కారు విడిపించి ఇస్తాను. నీ గొలుసు, గాజులు కూడా. దీంతో ఏదో తీరిపోతుందని కాదు. అవి మీవి, మీ దగ్గర ఉండాలి.

డిసెంబరు ఇరవైన క్యాంపు అయిపోతుంది. ఇరవై రెండు సోమవారం పొద్దున్న ఏలూరులో దిగుతాను. స్టేషన్‌కి ఎవరూ రావొద్దు. ముందు సమాధుల తోటకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంటికొచ్చి గుమ్మం బయట నిలబడతాను. లోపలికి రమ్మనకపోయినా ఫరవాలేదు, చెప్పాల్సింది బయట నుంచే చెప్తాను. జాయ్సీని మాత్రం ఆ కాసేపు పక్కింటికి పంపు. తాతయ్యకి నాన్న ఏం చేశాడో దానికి ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో లేదో, నువ్వు నిర్ణయించు.

వచ్చే ఆదివారం ఫోన్ ఇచ్చినప్పుడు అయిదు నుంచి ఆరు వరకూ ఆన్ చేసి చేతిలో పట్టుకుని కూర్చుంటాను. నువ్వు చెయ్యకపోయినా నీ మనసు నాకు అర్థమవుతుంది.

ఇట్లు,
జాయ్సీ నాన్న
ఆనంద్ పాల్