పదకొండో గది కిటికీ

డెర్బీ,
1998 అక్టోబరు 9

చెల్లి మార్జీకి,

నీ ఎనిడ్ అక్క దీవిస్తూ రాస్తున్న ఉత్తరం. కుడి మోకాలు ఒక్కటి మినహాయిస్తే నేను బాగానే ఉన్నాను. మా అబ్బాయి గ్రహమ్, వాడి భార్యాపిల్లలు బాగానే ఉన్నారు. అక్కడ మీరంతా కులాసా అని తలుస్తాను అని రాయబోయి కలం ఆపాను. నీ కూతురు లినెట్ ఆరు వారాలుగా గోడవైపు తిరిగి పడుకునే ఉందని నువ్వు రాశాక, ఆ మాట ఊరికే అలవాటు కొద్దీ రాయడం తప్పనిపించింది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలికి ఆపరేషన్ వసంతంలో చేస్తామంటున్నారు, ఏ ఏడాది వసంతమో మాత్రం చెప్పలేదు. గ్రహమ్ భార్య నాతో మాట్లాడుతూనే ఉంది, వానల గురించి. మా ఆయన క్లిఫర్డ్ నాటిన గులాబీల్లో రెండు బతికాయి. నువ్వు న్యూజిలాండ్ నుంచి పంపిన ఉన్ని శాలువా కప్పుకునే ఇది రాస్తున్నాను. రంగు కాస్త కొట్టొచ్చినట్టుంది గానీ వెచ్చగా ఉంది.

ఇక కెట్‌విక్ ఆర్మ్స్ సంగతి. "నువ్వు వెనక గుమ్మంలోంచి పనికెళ్ళిన హోటల్‌కి ఇప్పుడు ముందు గుమ్మంలోంచి వెళుతున్నావు. దొరసానిలా ఉండి రా, ఒక్క ముక్క వదలకుండా రాయి," అన్నావు. రాస్తున్నాను. నీకిది సంతోషం కలిగించే ఉత్తరం కాదు.

నా డెబ్బయ్యో పుట్టినరోజుకి గ్రహమ్ ఇచ్చిన కానుక అది. సముద్రం ఒడ్డున పాతకాలపు హోటల్లో రెండు రోజులు. ఏదో పుస్తకంలో హార్ల్‌స్టో పేరు చూసి, "అమ్మా, నువ్వు పుట్టిన ఊరే!" అని పొంగిపోయాడు. వాడికి ఒక పిన్ని ఉందని తెలుసు, నువ్వు. ఇంకో పిన్ని ఉండేదని నేనెప్పుడూ చెప్పలేదు. వెళ్ళనంటే ఎందుకని అడుగుతాడు. అందుకని వెళ్ళాను.

మనం వదిలిన ఊరు కాదది. చేపల పడవలు లాగి పెట్టే చోట ఐస్‌క్రీం బండ్లు నిలబెట్టారు. బుధవారం సంత ఉంది గానీ పశువులు లేవు, సువాసన సబ్బులు, కొవ్వొత్తులు అమ్ముతున్నారు. హోటల్లో గంజి వాసనా బొగ్గు వాసనా పోయి ఏదో పూల అత్తరు కొట్టినట్టుంది. గది చూపించడానికి వచ్చిన అమ్మాయి నన్ను కావాలనే వెనక మెట్ల మీదుగా తీసుకెళ్ళింది.

"ఇవి మా పాతకాలం నౌకర్ల మెట్లు మేడమ్. రెండు వందల ఏళ్ళ నాటివి. ఎంత ముద్దుగా ఉన్నాయో చూడండి!"

రోజుకు ముప్పై సార్లు బొగ్గు బకెట్లతో ఎక్కి దిగిన మెట్లు. అవెంత ముద్దుగా ఉంటాయో నా మోకాలిని అడగమనాల్సింది.

సాయంత్రం భోజనాలకి ముందు అతిథులందరి చేతుల్లో తలా ఒక చిన్న గ్లాసు షెర్రీ పెట్టి, మేనేజరు హోటల్ చరిత్ర చెబుతూ తిప్పుతాడు. రాడ్‌ఫర్డ్ అని, నలభై లోపు వయసు, వెనక రెండు పాయలుగా వేలాడే పాతకాలపు నల్లకోటు వేసుకుని లాంతరు పట్టుకున్నాడు. దొంగసరుకు దాచిన నేలమాళిగ, ఎవరో అడ్మిరల్ నిద్రపోయిన మంచం, అన్నీ అయ్యాక మూడో అంతస్తులో పదకొండో గది ముందు ఆగి గొంతు తగ్గించాడు.

"ఇక్కడ మెల్లగా నడవండి. మా హోటల్ దయ్యం, బూడిదరంగు పిల్ల, ఈ గదిలోనే ఉంటుంది. విక్టోరియా రాణి రోజుల్లో ఇక్కడ పక్కలు వేసే పనిపిల్ల. ఒక ఓడ కుర్రాడిని ప్రేమించింది. వస్తానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఓ పొద్దున్న ఈ కిటికీలోంచి దూకేసింది. ఇప్పటికీ వాడి ఓడ కోసం చూస్తూ ఉంటుందట."

"మాకిచ్చింది ఈ గదేనండోయ్! అడిగి మరీ తీసుకున్నాం," అన్నాడు లీడ్స్ నుంచి వచ్చిన ఒకాయన.

"నీ గురకకి అదెప్పుడో పారిపోయి ఉంటుందిలే," అంది ఆయన భార్య. అందరూ నవ్వారు.

నేను నోరు తెరవకూడదనే అనుకున్నాను, మార్జీ. నలభై ఏడేళ్ళు తెరవనిదాన్ని ఇంకో అరగంట మూసుకోలేకపోయానా? కానీ ఆ నవ్వు విన్నాక ఆగలేకపోయాను.

"రాణిగారి కాలం కాదు. 1951 జూన్," అన్నాను. "ఆ పిల్ల దూకలేదు. అద్దాలు తుడుస్తూ జారిపడింది. పేరు డోరీన్ పాలిస్టర్. పంతొమ్మిదేళ్ళది. నా చెల్లెలు."

నవ్వులు ఆగిపోయాయి. లీడ్స్ ఆవిడ మాత్రం, "అయ్యో తల్లీ," అని నా చెయ్యి పట్టుకుంది. రాడ్‌ఫర్డ్ లాంతరు దించి, "మనం రేపు తీరిగ్గా మాట్లాడుకుందాం మేడమ్," అన్నాడు. అంతటితో అందరినీ కిందికి తీసుకుపోయాడు. భోజనం దగ్గర పక్క బల్ల మీది పెద్దమనిషి నా వైపు వంగి, "ఏమీ అనుకోకండి, మీకెప్పుడైనా కనిపించిందా ఆ అమ్మాయి?" అని అడిగాడు. చేపముక్క పళ్ళెంలోనే వదిలేసి లేచాను.

మర్నాడు పదిన్నరకి రాడ్‌ఫర్డ్ నన్ను తన ఆఫీసుకి పిలిచాడు. కూర్చోబెట్టి, తనే టీ పోసి ఇచ్చాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

"మీ మాటలు నా చెవిలోనే ఉన్నాయి మేడమ్. పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి పాత పేపర్లు తీయించాను. మీరు చెప్పింది నిజమే, 1951. మేం యాభై ఏళ్ళు వెనక్కి జరిపేశాం. కానీ ఇది చూడండి."

జిరాక్స్ కాగితం నా ముందుకి జరిపాడు. మరణ విచారణ వార్త. మధ్యలో ఒక ముక్క కింద పెన్సిల్ గీత: 'మృతురాలి అక్క, అదే హోటల్లో పనిచేయు మిస్ ఎనిడ్ పాలిస్టర్ ప్రమాణపూర్వకంగా చెప్పిన ప్రకారం, మృతురాలు కొన్ని వారాలుగా ఒక ఓడ యువకుని విషయమై దిగులుతో ఉండేది. అతని పేరు తెలియదు.'

"ఇది మీరే కదా మేడమ్?"

"నేనే."

ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. తర్వాత చాలా మెత్తగా, "ఇన్నేళ్ళయ్యాక మనసు తన బాధని తనే సర్దుకుంటుంది లెండి. మా అమ్మమ్మ కూడా అంతే," అన్నాడు. "ఆమె ఫోటో ఏదైనా ఉందా? పదకొండో గది బయట పెట్టుకుంటాం. నిజం పేరు, నిజం మనిషి అంటే వచ్చేవాళ్ళకి ఇంకా దగ్గరగా ఉంటుంది."

మార్జీ, చేతిలో పనుంటే పక్కన పెట్టి కూర్చో. మిగతాది కూర్చుని చదవాల్సిన సంగతి.

నీకప్పుడు పదేళ్ళు. డోరీన్ ప్రేమలో దెబ్బతిని కిటికీలోంచి దూకిందని నీకు చెప్పారు. ఆ ఓడ కుర్రాడు ఎప్పుడూ లేడు. వాడిని పుట్టించింది నేను.

ఆ రోజు నేనూ అదే గదిలో ఉన్నాను, పక్క మీద దుప్పటి మారుస్తున్నాను. పై అంతస్తుల కిటికీలు బయటి వైపు తుడవాలంటే కాళ్ళు గదిలో ఉంచి, కిటికీ గడప మీద వీపు బయటికి పెట్టి కూర్చుని, ఒక చేత్తో పై చట్రం పట్టుకుని, రెండో చేత్తో తుడవాలి. పైకీ కిందికీ జరిగే ఆ చట్రాన్ని మోసే తాడు గోడ లోపల ఉంటుంది. పదకొండో గదిలో అది కుళ్ళిపోయిందని యజమాని హాడోకి మూడు వారాల ముందే నేను చెప్పాను. "సీజన్ అయ్యాక చూద్దాం," అన్నాడు. తాడు తెగింది. చట్రం దభీమని జారింది. డోరీన్ చెయ్యి పట్టు తప్పింది. నేను తల తిప్పేసరికి కిటికీలో ఆకాశం తప్ప ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్న హాడో నన్ను బట్టల గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మీ నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో మంచం మీద ఉన్నాడు. మీరుంటున్న ఇల్లు హోటల్‌ది. కిటికీ వల్లే అని నువ్వంటే నేను హోటల్ మూసుకోవాలి, మీరు వీధిన పడాలి. ఆ పిల్ల ఎవడికోసమో బెంగపడింది అన్నావనుకో, ఎవరికీ నష్టం లేదు. పోయినదాన్ని ఎలాగూ తేలేం."

"ఎవడి కోసం?" అన్నాను.

"ఎవడైతేనేం? ఓడలు వస్తుంటాయి, పోతుంటాయి."

విచారణలో బైబిల్ మీద చెయ్యి పెట్టి అదే చెప్పాను. అధికారి మంచివాడు, గట్టిగా అడగలేదు. "కుర్రాడి పేరేమిటమ్మా?" అన్నాడు. "తెలీదండీ," అన్నాను. మతి చలించి ప్రాణం తీసుకుందని తేల్చారు. పై వారం హాడో హోటల్లో కిటికీలన్నిటికీ కొత్త తాళ్ళు వేయించాడు. ఆ పాత తాళ్ళని పెరట్లో తగలబెట్టమని నాకే ఇచ్చారు. తగలబెట్టాను.

ఇల్లు మనకి మిగిలింది. అందులో పదకొండేళ్ళు అమ్మ డోరీన్ పేరు ఎత్తకుండా బతికింది. చర్చికి వెళ్ళినప్పుడల్లా సమాధుల బాట వదిలి చుట్టూ తిరిగి వెళ్ళేది, గుర్తుందా? కోపం అనుకునేదానివి. కోపం కాదు. కన్నపిల్లకి అంత కష్టమొస్తే తనకి ఒక్క మాటైనా చెప్పుకోలేదే అని. నేను ఒక్క వాక్యం అంటే ఆవిడ గుండె మీద బండ దిగేది. ఎదురుగా కూర్చుని సూప్ తాగాను గానీ అనలేదు.

దానికి హాడోని తిట్టుకుంటూ వచ్చాను. కానీ నాన్న పోయాడు, 1962లో అమ్మ పోయింది, నువ్వు ఓడెక్కావు. ఆ తర్వాత కాపాడుకోవడానికి నాకు ఏ ఇల్లూ లేదు, భయపడడానికి ఏ హాడో లేడు. అయినా ముప్పై ఆరేళ్ళు చెప్పలేదు. దీన్ని మాత్రం ఎవరి నెత్తినా రుద్దలేను. చెప్పకపోవడం అలవాటైపోయింది, అంతే.

రాడ్‌ఫర్డ్ ఇచ్చిన కాగితం తెచ్చుకున్నాను. ఫోటో ఇవ్వలేదు. నేను అబద్ధమాడానని ఆయనతో చెప్పాను. నమ్మలేదు. నమ్మినా చరిత్ర చెప్పే షెర్రీ పార్టీలో కుళ్ళిన తాడు కథ ఎవరికి కావాలి? ఓడ కుర్రాడైతే బాగుంటాడు. నేను చేసిన మనిషి నాకంటే గట్టివాడు మార్జీ, నేను పోయినా వాడు ఆ గది ముందు రోజూ సాయంత్రం బతుకుతాడు.

తీసుకెళ్ళడానికి గ్రహమ్ వచ్చాడు. దారిలో వాడికి అంతా చెప్పాను. ఇరవై మైళ్ళు రోడ్డు వైపే చూస్తూ కారు నడిపాడు. చివరికి, "అమ్మమ్మకి తెలుసా?" అని అడిగాడు.

"తెలీదు."

"ఆవిడ చివరి రోజుల్లో పక్కన నువ్వే కదా ఉన్నావు?"

"అవును."

దారిలో ఒకచోట ఆపి టీ తెచ్చి ఇచ్చాడు, నా మొహం చూడకుండా. తొమ్మిది రోజులైంది, ఫోన్ చెయ్యలేదు. నువ్వూ అలాగే ఉండవచ్చు. ఆ హక్కు నీకు వాడికంటే ఎక్కువే ఉంది. జీవితమంతా నువ్వు డోరీన్ మీద కోపం పెట్టుకున్నావు, మనందరినీ వదిలి తన దారి చూసుకుందని. ఆ కోపం తప్పు చిరునామాకి వెళ్ళింది.

కానీ నాతో తగువు తర్వాత. "ఇది మన రక్తంలోనే ఉంది అక్కా, డోరీన్ నుంచి నా కూతురికి వచ్చింది, దీన్నెవరు ఆపగలరు?" అని రాశావు. అది చదివే నాకు ఈ ఉత్తరం రాయక తప్పలేదు. మన రక్తంలో అలాంటిది లేదు. లినెట్‌కి వచ్చింది జబ్బు, దాన్ని మంచి డాక్టరుకి చూపించు. తలరాత అని చేతులు ముడుచుకుని తలుపు దగ్గర నిలబడకు. నా అబద్ధం అమ్మని తిన్నది చాలు.

ఆ పిల్ల మంచం మీద కూర్చుని చెప్పు, వాళ్ళ డోరీన్ పెద్దమ్మ చావాలనుకోలేదని. నమ్మకపోతే ఇది కూడా చెప్పు, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది. ఆ రోజు కిటికీ బయటినుంచి అది నాతో మాట్లాడుతూనే ఉంది. "శనివారం డ్యాన్సుకి నీ నీలం ఉన్ని కార్డిగన్ ఇస్తావా?" అంది. "ఇవ్వను. పోయినసారి దాని మీద సైడర్ ఒలకబోశావు," అన్నాను. "పిసినారి ముండా, ఇవ్వకపోతే దొంగిలిస్తా చూడు," అని నవ్వింది. నవ్వుతూ ఉండగానే తాడు తెగింది.

ఇట్లు,
మీ ఇద్దరి అక్క
ఎనిడ్