లోపలి గడియ

ప్రియమైన మీకు,

క్షేమంగా చేరినట్టు రాసిన ఉత్తరం అందింది. పని జరిగే చోట ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారని రాశారు. పోనీలెండి. ఫోన్లో అయితే మీరు ఊఁ, ఆఁ తప్ప మాట్లాడరు. ఉత్తరంలో నాలుగు మాటలైనా రాస్తారు.

మేడమీద గదికి మనిషి వచ్చింది. తన దేశంలో బళ్ళో పాఠాలు చెప్పేదట, అందుకని టీచరమ్మ అంటున్నాం. గది చూపిస్తే అద్దె సంగతి అడగలేదు, నీళ్ళ సంగతి అడగలేదు. తలుపు దగ్గరికి వేసి వెనకవైపు చూసి, "లోపలి గడియ లేదేం అక్కా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో అందరి తలుపులూ బిగించే వడ్రంగి ఇల్లమ్మా ఇది అని ఏ మొహంతో చెప్పను? మా ఆయన రాగానే బిగిస్తారని చెప్పాను. అందాకా పడుకునే ముందు తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుంటోంది. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుంటే అట్టముక్క మడిచి దూర్చాను.

మన బట్టల మూలన ఎర్రదారంతో నేను కుట్టే గుర్తులు చూసి నవ్వింది. మీకు ఒక కుట్టు, నాకు రెండు, అమ్మాయికి మూడు, ఉతికాక ఎవరివి వాళ్ళకి మడత పెట్టడం తేలిక అని చెప్పాను. గబగబా పైకెళ్ళి తన ఊదారంగు స్వెట్టరు తెచ్చి, నాకూ కుట్టండి అంది. అంచున నాలుగు కుట్లు వేశాను.

ఇక్కడ ఉండనివ్వమని అర్జీ పెట్టుకుందట. అది తేలేదాకా వారం వారం విదేశీయుల ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టి రావాలట. లోపలికి వెళ్ళిన వాళ్ళలో కొందరు తిరిగి రారట. అందుకని నన్ను ఆఫీసు గుమ్మానికి ఎదురుగా బెంచీ మీద కూర్చోమంది. వెళ్ళే ముందు గది తాళంచెవి నా చేతిలో పెడుతుంది, వచ్చాక తీసుకుంటుంది. తీసుకోకపోతే నేను లాయరుకి ఫోన్ చెయ్యాలి. అంతే పని. ఆ కాస్సేపూ బఠాణీలు ఒలుచుకుంటున్నాను.

వేళకి తినండి.

మీ ఇంటావిడ

*

ప్రియమైన లెక్కలావిడకి,

మొగుణ్ణి కూడా దుప్పట్ల వరసలో వేసి ఒక కుట్టు కుట్టావు. మొదటి నంబరైనా ఇచ్చావు, సంతోషం.

ఇక్కడి తలుపులు కొత్త రకం. చెక్కకి రెండువైపులా ఇనుపరేకు, గడియలన్నీ బయటికే. కిటికీలు ఉన్నాయి గానీ ఒక్కటీ తెరుచుకోదు. ఏదో గోదాము అనుకో. ఇందులో ఏం పెడతారండీ అని అడిగితే, నీకు కావలసింది తలుపా, దాని వెనకాల ఉండేదా అన్నాడు మేనేజరు. ఉలి తీసుకుని పనిలో పడ్డాను. సర్కారు కంట్రాక్టు. ఇది సవ్యంగా పూర్తయితే ఇంకో రెండు భవనాలు నాకే ఇస్తామంటున్నారు. అమ్మాయి చదువు అయిపోయేదాకా వెనక్కి చూసుకోనక్కర్లేదు.

అందుకే చెప్తున్నాను. ఆ టీచరమ్మ మంచిదే కావచ్చు. కానీ సంతకాలు, ఆఫీసులు, లాయర్లు అంటే కొరివితో తల గోక్కోవడమే. ఫలానా వడ్రంగి ఇంట్లో ఉంది అని ఒక్కడు మేనేజరు చెవిన వేస్తే చాలు. గొడవ పడకుండా, మర్యాదగా, నెలాఖరుకి ఇంకో గది చూసుకోమను. నువ్వు ఆ బెంచీ మీద కూర్చోకు. బఠాణీలు ఇంట్లో కూర్చున్నా ఒలవచ్చు.

ఉంటాను,
నీ ఒకటో కుట్టు

*

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి ఒక పూట కోపంగా ఉన్నాను, ఒక పూట ఆలోచించాను. ఇప్పుడు రాస్తున్నాను.

గది ఖాళీ చెయ్యమని చెబుదామనే పైకి వెళ్ళాను. టీచరమ్మ కుర్చీ చూపించి, కూర్చోండక్కా, ఎందుకొచ్చారో మీ మొహం చెబుతోంది అంది. కూర్చున్నాను. తనే చెప్పుకొచ్చింది. తన తరగతిలో ఒక పిల్ల వరసగా బడికి రాకపోతే ఇంటికి వెళ్ళి అడిగిందట. పిల్ల తండ్రిని సైనికులు పట్టుకుపోయారు, ఎక్కడున్నాడో తెలీదు. అలాంటి ఇల్లు ఇంకొకటి, మరొకటి. ఎవరిని ఎప్పుడు తీసుకుపోయారో ఇంటింటికీ తిరిగి రాసుకుని, పేపర్ల వాళ్ళకి చెప్పింది. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున తన ఇంటి తలుపే పగలగొట్టారు. వెనక గోడ దూకి బతికింది. లోపలి గడియ అడిగింది అందుకటండీ. గడియ వాళ్ళని ఆపదు గానీ, గోడ దూకే వ్యవధి ఇస్తుంది అంది.

వెనక్కి పంపేస్తే అక్కడ జైలు, లేదా అది కూడా ఉండదు. ఈ సంగతి విన్నాక కూడా నెలాఖరు అనడానికి నాకు నోరు రాలేదు. మీకైనా రాదు. మిమ్మల్ని నేను ఇన్నేళ్ళుగా ఎరుగుదును కదా.

అమ్మాయి చదువు నాకూ గుర్తుంది. కానీ ఎవరో ఏదో మేనేజరు చెవిన వేస్తారని, ఇంటికి వచ్చిన మనిషిని వీధిలోకి నెట్టలేను. బెంచీ మీద నేనొక్కదాన్నే కాదు ఇప్పుడు. ఎదురింటి దర్జీ భార్య కూడా వస్తోంది, ఆవిడ వెంట ఆవిడ అత్తగారు. ఆ ముసలావిడకి కళ్ళు కనపడవు గానీ గుమ్మం వైపే తిరిగి కూర్చుంటుంది. ఏం చూస్తారత్తయ్యా అని కోడలు ఆటపట్టిస్తే, చూసేదానివి నువ్వున్నావుగా, కనిపెట్టుకుని ఉండేదాన్ని నేను అందావిడ.

కోపం వద్దు.

మీ ఇంటావిడ

*

ప్రియమైన మీకు,

తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది.

చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాను. టీచరమ్మ స్వెట్టరు వేసుకుని లోపలికి వెళ్ళింది. మేం ముగ్గురం గుమ్మం మీంచి కన్ను తిప్పలేదు. మధ్యాహ్నం దాటినా రాకపోతే లాయరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ వచ్చి అడిగితే, సంతకం పెట్టి ఎప్పుడో వెళ్ళిపోయిందే అన్నారట. ఆ భవనానికి వెనకాల ఇంకో తలుపు ఉందటండీ. వ్యానులు అటునుంచే వెళతాయట. ఇన్ని వారాలు కూర్చున్నాను, ఒక్కసారి చుట్టూ తిరిగి చూసి రావాలని తోచలేదు. నాకు తెలిసిన జాగ్రత్త ఇంతే.

ఎక్కడ ఉంచారో తెలిస్తే కోర్టు చేత ఆపించగలను, తెలీకపోతే మా దగ్గర లేదంటూనే విమానం ఎక్కించేస్తారు అంటోంది లాయరమ్మ. ఇలాంటి వాళ్ళని ఉంచే చోట్లన్నింటా అడిగింది. లేదన్నారు. ఎవరికీ తెలియని చోటు ఏదో ఉండి ఉంటుందంటోంది. ఆవిడ ఫోన్ నంబరు ఈ ఉత్తరం వెనకాల రాశాను. మీరేం చెయ్యగలరని రాశానో నాకే తెలీదు. మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

పై గదిలో కిటికీ మళ్ళీ కొట్టుకుంటోంది. అట్టముక్క జారినట్టుంది. గది తెరవడానికి చెయ్యి రావడం లేదు.

మీ ఇంటావిడ

*

ప్రియమైన నీకు,

ఫోన్ నా చేతికి ఇచ్చేశారు. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్లో నేను ఊఁ, ఆఁ తప్ప మాట్లాడనన్నావు, ఇది ఊఁ, ఆఁలతో అయ్యే సంగతి కాదు. ఆచూకీ దొరికిందనీ, విమానం ఆగిందనీ లాయరమ్మ నీకు ఈపాటికి చెప్పే ఉంటుంది. ఎలా దొరికిందో నేనే చెప్పుకుంటానని ఆవిడని బతిమాలుకున్నాను.

గోదాము అని రాశాను. గోదాములో మంచాలు ఉండవని నాకు అప్పుడే తెలుసు. నీ ఉత్తరం వచ్చేటప్పటికి పని పూర్తయిన వైపు మనుషుల్ని తెచ్చిపెట్టడం మొదలైంది. ఎవరికీ తెలియని చోటు అని నువ్వు రాసిన మాట చదివి, టీ గ్లాసు పట్టుకుని నేను బిగించిన తలుపుల వైపు చూస్తూ ఉండిపోయాను.

వానలకి చెక్క ఉబ్బింది, తలుపులన్నీ ఒకసారి చూడాలని మేనేజరుతో చెప్పాను. చెక్క ఉబ్బలేదు. ఒక్కో తలుపే తెరిపించి చిత్రిక పట్టినట్టు నటిస్తూ వెళ్ళాను. పక్కన కాపలావాడు. ఒక గదిలో గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి స్వెట్టరు అంచున ఎర్రదారం కనిపించింది. నాలుగు కుట్లు. నా చొక్కా మూల ఉన్న ఒక్క కుట్టు లాంటివే.

తల ఎత్తకుండా, నాలో నేను సణుక్కుంటున్నట్టు, "మా మేడమీద కిటికీ మళ్ళీ కొట్టుకుంటోందట" అన్నాను.

చిత్రిక ఇంకో రెండుసార్లు లాగాను. తర్వాత మెల్లగా, "అట్ట మందంగా మడిచి పెట్టమని అక్కకి చెప్పండి" అంది.

కాపలావాడు నవ్వాడు. ఈవిడకి వడ్రంగం కూడా వచ్చే అన్నాడు.

మేకులు అయిపోయాయని బయటపడి మేకుల కొట్టు నుంచి లాయరమ్మకి ఫోన్ చేశాను. ఎవరో చెప్పారంటే చాలదు, కళ్ళారా చూశానని మీరే సంతకం పెట్టాలి, పెడితే పని పోతుంది, ఆలోచించుకోండి అంది. అమ్మాయి చదువు గుర్తొచ్చింది. అబద్ధం ఎందుకు, గుర్తొచ్చింది. ఆ తర్వాత, మీకైనా రాదు అని నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది. పెట్టాను.

సంతకం చూసి మేనేజరు, మేకుల కోసం కోర్టుదాకా వెళ్ళావా అన్నాడు. నా రంపం, ఉలి, పెట్టె గేటు బయట పెట్టించాడు. మిగతా రెండు భవనాలూ పోయాయి. ఇంటికొచ్చాక నువ్వే లెక్కలు చూడాలి.

కేసు తేలేదాకా టీచరమ్మని పంపించకూడదని, మన ఇంట్లో ఉండనివ్వాలని కోర్టు చెప్పింది. గెలిచినట్టు కాదు, ఊపిరి పీల్చుకోనిచ్చినట్టు. వారం వారం సంతకం మాత్రం తప్పదు. ముందు గుమ్మం దగ్గర మీరు ముగ్గురూ కూర్చోండి. వెనక తలుపు దగ్గర నేను కూర్చుంటాను.

విడిచిపెట్టారు. నేనూ టీచరమ్మా బస్టాండులో ఉన్నాం. మా బస్సు రేపు. ఈ ఉత్తరం ఇప్పుడు బయల్దేరే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను, మాకంటే ముందు అందుతుంది. ఇక్కడి కొట్లో ఒక ఇత్తడి గడియ తీసుకున్నాను. టీచరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేసి తీస్తోంది, తీసి వేస్తోంది. ఆ చప్పుడికి అందరూ మావైపే చూస్తున్నారు. నేను వద్దనలేదు.

ఆ కుర్చీ కిందికి తెచ్చెయ్యి.

నీ ఒకటో కుట్టు